పర్మిట్ మీద పేరు, స్తంభం మీద మనిషి

మన వృత్తిలో పుస్తకాలకు కొదువ లేదు. లాగ్ షీటు, షిఫ్టు డైరీ, ట్రిప్పింగు రిజిస్టరు, రిలే సెట్టింగుల పుస్తకం, బ్యాటరీ రీడింగుల పుస్తకం. సబ్‌స్టేషనులో కొత్తగా చేరిన ఇంజనీరుకు మొదటి నెల వీటి పేర్లు నేర్చుకోవడంతోనే సరిపోతుంది. వీటిలో దేనిలోనైనా ఒక అంకె తప్పు పడితే ఆడిట్ వారి ప్రశ్న వస్తుంది, తరువాత మెమో వస్తుంది, కొంత కాలానికి వ్యవహారం సర్దుకుంటుంది. ఒక్క పుస్తకం మాత్రం అటువంటిది కాదు. దానిలో తప్పు జరిగితే వచ్చేది మెమో కాదు, కబురు. అదే పర్మిట్ పుస్తకం. ఈ నెల ఈ శీర్షికలో దానిని గురించి, దానిపై సంతకం చేసేవారిని గురించి, అంతకంటె ముఖ్యంగా సంతకం చేయని వారిని గురించి ముచ్చటించదలచినాను.

ఇక్కడ రాయపూర్‌లో దీనిని పర్మిట్ అంటారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జిల్లాలలో అదే కాగితానికి ఎల్.సి. అని పేరు, అనగా లైన్ క్లియర్. రైల్వేవారికి కూడా ఇదే మాట ఉన్నది. కాని వారి లైన్ క్లియర్ బండి రావచ్చునని చెబుతుంది. మన లైన్ క్లియర్ కరెంటు రాదని చెబుతుంది. మాట ఒక్కటే అయినా అర్థం తలక్రిందులు. విజయనగరం నుండి పార్వతీపురం మీదుగా రాయపూర్‌కు రైలు మార్గం 1931లో పూర్తి అయినది. ఆ మార్గాన వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలలో రైల్వే కొలువు చేసినవారు, తరువాతి తరాలలో భిలాయి ఉక్కు కర్మాగారంలోను, విద్యుత్ సంస్థలలోను చేరినవారు ఎందరో ఉన్నారు. అందుచేత ఈ ఊరి తెలుగు ఇండ్లలో లైన్ క్లియర్ అనే మాట రెండు అర్థాలలోను వినిపిస్తుంది.

పద్ధతి తెలిసినవారికి ఇప్పుడు చెప్పబోయేది కొత్త కాదు. కాని ఈ పత్రిక పాఠకులలో లెక్కల విభాగం వారు, సిబ్బంది విభాగం వారు కూడా ఉన్నారు గనుక కొంత వివరంగానే వ్రాస్తాను. 11 కె.వి. ఫీడరు మీద ఒక జంపరు కాలిపోయినది అనుకుందాము. లైన్‌మన్ సబ్‌స్టేషనుకు వస్తాడు, లేదా ఫోను చేస్తాడు. ఆపరేటరు ఆ ఫీడరు బ్రేకరును ఆఫ్ చేసి, ఐసొలేటరు విప్పి, హ్యాండిలుకు తాళం వేసి, మనుషులు పని చేస్తున్నారు అనే బోర్డు తగిలిస్తాడు. పర్మిట్ పుస్తకంలో ఫీడరు పేరు, సమయం, తీసుకొన్నవారి పేరు వ్రాసి నంబరు ఇస్తాడు. లైన్‌మన్ పని చోటికి పోయి ఎ.బి. స్విచ్ విప్పుతాడు. విప్పిన తరువాత తల ఎత్తి మూడు బ్లేడులూ నిజంగా తెరుచుకొన్నవో లేదో కంటితో చూడవలెను. హ్యాండిలు క్రిందికి వచ్చినంత మాత్రాన పైన మూడు ఫేజులూ విడిపోయినట్లు కాదు. తుప్పు పట్టిన స్విచ్‌లో రెండు విడి, ఒకటి అతుక్కొని ఉండడం మనలో చాలామంది చూసినదే. తరువాత టెస్టరుతో సరిచూచి, డిశ్చార్జి రాడ్లు వేస్తాడు. ముందు భూమికి క్లాంపు బిగించి, ఆ తరువాతనే రాడ్డును తీగకు తగిలించవలెను. తీసేటప్పుడు ముందు తీగ, తరువాత భూమి. ఈ క్రమం తలక్రిందులైతే రక్షించవలసిన రాడ్డే ప్రాణం తీస్తుంది.

బ్రేకరు ఆఫ్ అయినది, స్విచ్ విప్పినాము, ఇంకా ఈ ఎర్తు ఎందుకని కొత్తవారు తరచు అడుగుతారు. ప్రక్కన మరొక లైను సమాంతరంగా నడుస్తూ ఉంటే, విప్పిన తీగలోను ప్రేరణ వలన వోల్టేజి నిలుస్తుంది. పైన దాటుతున్న మరొక లైను తెగి పడవచ్చును. సబ్‌స్టేషనులో షిఫ్టు మారినప్పుడు రెండవవాడు పొరబాటున వేరొక ఫీడరు అనుకొని దీనిని వేయవచ్చును. తీగకు ఎర్తు ఉంటే బ్రేకరు వెంటనే ట్రిప్ అవుతుంది, లేకుంటే పైన ఉన్న మనిషే ఎర్తు అవుతాడు. ఇవన్నీ పాత ప్రమాదాలు. ఒక ప్రమాదం మాత్రం రోజురోజుకు పెరుగుతున్నది. ఊరిలో కరెంటు పోగానే ఒక దుకాణందారు తన జనరేటరు వేస్తాడు. చేంజ్ ఓవర్ స్విచ్ లేకుండా నేరుగా వైరింగుకు కలిపి ఉంటే ఆ 230 వోల్టులు వీధి తీగ మీదికి, అక్కడి నుండి ట్రాన్స్‌ఫార్మరుకు వెనుక ద్వారం గుండా పోతాయి. 11,000ను దించే ట్రాన్స్‌ఫార్మరు అటు నుండి ఇచ్చినప్పుడు పెంచుతుంది. దానికి దిక్కు తెలియదు. ఇప్పుడు ఇంటి కప్పుల మీద సౌర ఫలకాలు వస్తున్నవి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పి.ఎం. సూర్యఘర్ పథకం కోటి ఇండ్లను లక్ష్యంగా పెట్టుకున్నది. గ్రిడ్ లేనప్పుడు ఇన్వర్టరు తనంతట తానే ఆగిపోవలెనని నిబంధన, మంచి ఇన్వర్టర్లు ఆగుతాయి కూడా. అయితే బ్యాటరీని కలిపి, ఇంటి వైరింగును తోచినట్లు మార్చే వీధి మేస్త్రీ ఆ నిబంధన చదివి ఉండడు. కాబట్టి పని చోటుకు రెండు వైపులా ఎర్తు వేయడం మునుపటికంటె ఇప్పుడే ఎక్కువ అవసరం.

రాయపూర్‌లో నా తొలినాళ్ళలో ఒక లైన్‌మన్ ఉండేవాడు. బొబ్బిలి ప్రాంతం నుండి వచ్చిన కుటుంబం. ఒకసారి అంతకుముందే మరొక గ్యాంగు వేసిన ఎర్తు ఉన్నది గదా, తొందరగా ఎక్కమని ఎవరో అన్నారు. అతడు రాడ్డు చేతిలో పట్టుకొని, నా వైపు తిరిగి, "బాబుగారూ, నేను వెయ్యని ఎర్తు నాకు ఎర్తు కాదండి" అన్నాడు. మళ్ళీ తన రాడ్లు తానే వేసుకొని ఎక్కినాడు. పది నిమిషాలు ఆలస్యమైనది. అతడు ఆరోగ్యంగా పదవీ విరమణ చేసినాడు.

ఈ పద్ధతి ఎవరో అధికారి సరదాగా కల్పించినది కాదు. 1956 నాటి భారత విద్యుత్ నియమాలలో 36వ నియమం సరిగ్గా ఈ విషయమే. తీగను ముట్టుకొనే ముందు దానిలోని విద్యుత్తును ఎర్తు ద్వారా విడిపించవలెను, పని జరుగుతుండగా పొరబాటున చార్జి కాకుండా కట్టుదిట్టం చేయవలెను, పని చేసేవారికి చేతి తొడుగులు, రబ్బరు బూట్లు, నడుము బెల్టు, శిరస్త్రాణం, ఎర్తింగు సామగ్రి ఇవ్వవలెను అని అందులో ఉన్నది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో చేసిన భద్రతా నిబంధనలు, వాటి స్థానంలో వచ్చిన 2023 నిబంధనలు కూడా ఇదే చెబుతున్నవి. వీటిలో నాకు అన్నిటికంటె ముఖ్యమని తోచేది మరొక అంశం. లైన్ల మీద పని చేయడానికి ఎవరెవరు అర్హులో సంస్థ ముందుగా నిర్దేశించి, వారి పేర్ల జాబితా ఉంచవలెను. జాబితాలో లేనివాడు తీగ ముట్టరాదు. చట్టం మొదట అడిగే ప్రశ్న ఎవరు అనేదే. ఏమిటి, ఎలా అనేవి తరువాత.

చిక్కు అంతా ఈ 'ఎవరు' దగ్గరనే వచ్చినది.

కొన్ని సంవత్సరాల క్రిందట జరిగిన ఒక ప్రమాదపు విచారణ కాగితాలు చదవవలసి వచ్చినది. ఏ రాష్ట్రమో, ఏ సెక్షనో వ్రాయను. వ్రాసినా ప్రయోజనం లేదు, ఎక్కడైనా జరగగలిగినదే. ఒకే పర్మిట్ క్రింద రెండు పనులు. ఒక స్తంభం వద్ద జంపరు, నాలుగు స్తంభాల అవతల ఇన్సులేటరు. పర్మిట్ లైన్‌మన్ పేర ఉన్నది. ఆ ఉదయం కాంట్రాక్టరు అదనంగా ఇద్దరు కుర్రవాళ్ళను పంపినాడు. జంపరు పని అయినది. ఇన్సులేటరు దగ్గరి మనుషులు కూడా దిగి వచ్చినారు. లైన్‌మన్ తన వాళ్ళను లెక్కపెట్టుకొన్నాడు, లెక్క సరిపోయినది. ఎర్తు తీసి ఫోనులో పర్మిట్ తిరిగి ఇచ్చినాడు. కాని బైండింగు వదులుగా ఉన్నదని మేస్త్రీ చెప్పగా ఒక కుర్రవాడు మళ్ళీ ఎక్కి ఉన్నాడు. ఫీడరు వేసినారు.

విచారణలో పర్మిట్ సక్రమం, సమయాలు సక్రమం, సంతకాలు సక్రమం. ఆ కుర్రవాడు ఎవరి మనిషి అని తేల్చడానికే మొదటి రెండు రోజులు పట్టినవి. సంస్థ జాబితాలో లేడు. కాంట్రాక్టరు ఇచ్చిన పేర్లలో లేడు. అతడు మరొక ఉప కాంట్రాక్టరును చూపించినాడు. ఆ ఉప కాంట్రాక్టరు దగ్గర కాగితమే లేదు. లైన్‌మన్ ఎన్నడూ ఎరుగని మనిషిని లైన్‌మన్ లెక్కలో ఎలా కలుపుకొంటాడు?

ఇది ఒక మనిషి అజాగ్రత్త అని తీర్మానించి ఫైలు మూసివేయడం తేలిక. అజాగ్రత్త ఉన్నదేమో, కాదనను. కాని పర్మిట్ పద్ధతి ఏర్పడిన కాలంలో మన సిబ్బంది నిర్మాణం ఏమిటి, ఇప్పుడు ఏమిటి అన్నది చూడకుండా దీనిని అర్థం చేసుకోలేము. విద్యుత్ బోర్డులు 1948 చట్టం క్రింద వచ్చినవి. ఆంధ్రప్రదేశ్ బోర్డు 1959లో ఏర్పడినది. ఛత్తీస్‌గఢ్ అప్పుడు మధ్యప్రదేశ్‌లో భాగం, బోర్డు జబల్‌పూర్‌లో ఉండేది. ఆ బోర్డులలో మనిషి ఎదుగుదలకు ఒక నిచ్చెన ఉండేది. మస్టర్ రోల్ మీద గుంతలు త్రవ్వడానికి వచ్చినవాడు కొన్నేళ్ళకు హెల్పరు, తరువాత అసిస్టెంట్ లైన్‌మన్, తరువాత లైన్‌మన్, ఓపిక ఉంటే లైన్ ఇన్‌స్పెక్టరు అయ్యేవాడు. ఆ పాత పద్ధతిని నేను పొగడబోవడం లేదు. మస్టర్ రోల్ మీద పదేళ్ళు మగ్గినవారి కథలు తక్కువ కావు. కాని ఒకటి మాత్రం నిజం. స్తంభం ఎక్కేవాడు, క్రింద తాడు పట్టేవాడు, సబ్‌స్టేషనులో తాళం వేసేవాడు ఏళ్ళ తరబడి ఒకరినొకరు ఎరిగినవారు. పర్మిట్‌లో ఒక్క పేరు వ్రాస్తే దాని వెనుక నలుగురు ఎవరో అందరికీ తెలుసును. కాగితం వ్రాయని దానిని పరిచయం పూరించేది.

తరువాత బోర్డులు విడిపోయినవి. ఆంధ్రప్రదేశ్‌లో 1999లో జెన్‌కో, ట్రాన్స్‌కో, ఆ వెంటనే పంపిణీ సంస్థలు వచ్చినవి. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడి, దానికి వేరుగా బోర్డు వచ్చి, ఆ బోర్డు 2009లో ఐదు కంపెనీలుగా మారినది. విభజన వలననే ప్రమాదాలు వచ్చినవని నేను అనను. కాని ఆ దశాబ్దాలలో వినియోగదారులు, లైన్లు ఎన్నో రెట్లు పెరుగుతూ ఉండగా, శాశ్వత నియామకాలు ఆగిపోయి, పని కాంట్రాక్టు చేతికి, అక్కడి నుండి ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ చేతికి పోయినది. పేర్లు మాత్రం పెరిగినవి. తెలంగాణలో 2017లో ఔట్‌సోర్సింగ్ వారిని సంస్థలలోకి తీసుకొన్నప్పుడు ఆర్టిజన్లు అన్నారు. వారి సంఖ్య 20,000 దాటినది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ, వార్డు సచివాలయాలతో పాటు ఎనర్జీ అసిస్టెంటు అనే ఉద్యోగం వచ్చినది, బ్రాకెట్లో జూనియర్ లైన్‌మన్ గ్రేడ్ 2. ఇక్కడ ఛత్తీస్‌గఢ్‌లో లైన్ పరిచారక్ అంటారు. పరిచారకుడు అనగానే మన తెలుగు చెవికి రోగి ప్రక్కన కూర్చొన్న మనిషి స్ఫురిస్తాడు. ఆలోచిస్తే అంత తప్పు పేరు కాదు.

వీరందరికీ ఏదో ఒక పేరు, ఏదో ఒక జీతపు పట్టీ ఉన్నవి. అసలు పేరే లేనివాడు మరొకడున్నాడు. పల్లెలలో తిరిగిన ప్రతి ఇంజనీరుకు అతడు తెలుసును. లైన్‌మన్ వెంట సైకిలు మీదనో, మోటారు సైకిలు వెనుకనో తిరిగే ప్రైవేటు కుర్రవాడు. ఐ.టి.ఐ. చదివి ఉండవచ్చు, చదవకపోవచ్చు. లైన్‌మన్‌కు వయసు మీద పడి మోకాళ్ళు సహకరించనప్పుడు ఎక్కేది అతడే. ఎప్పటికైనా ఉద్యోగం రాకపోతుందా అనే ఆశే అతని జీతం. అతడు కూడా అందుబాటులో లేనప్పుడు రైతే ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె ఎక్కి ఫ్యూజు వేసుకొంటాడు. జాతీయ నేర నమోదుల సంస్థ ఏటా వెలువరించే ప్రమాద మరణాల లెక్కలలో విద్యుదాఘాత మరణాలు ఇటీవలి సంవత్సరాలలో 10,000కు పైగానే ఉంటున్నవి. ఆ పట్టికలో రాష్ట్రం ఉంటుంది, స్త్రీ పురుష భేదం ఉంటుంది, వయసు ఉంటుంది. చేతిలో పర్మిట్ ఉన్నదా, ఉంటే ఎవరి పేరున ఉన్నది అనే గడి అందులో లేదు.

రెండవ మార్పు మాటలో వచ్చినది. పూర్వం రెండు పెద్ద సబ్‌స్టేషన్ల మధ్య సంభాషణ పి.ఎల్.సి.సి. మీద జరిగేది. విద్యుత్తు పోయే తీగమీదనే అధిక పౌనఃపున్యంలో మాటను పంపడం అన్నమాట. లైను మొదట్లో వ్రేలాడే పెద్ద డోలు వంటి వేవ్ ట్రాప్ ఆ మాట బస్‌బారు వైపు కారిపోకుండా ఆపుతుంది. వాన పడినప్పుడు, లైను దగ్గర ఉరుము ఉరిమినప్పుడు గరగరమనేది. అయినా ఆ గరగరలో కూడా అవతలివాని గొంతు గుర్తు పట్టేవాళ్ళము. తరువాత టవరు శిఖరాన ఉండే ఎర్తు తీగలోనే ఆప్టికల్ ఫైబరు వచ్చినది, మాట స్పష్టమైనది, పి.ఎల్.సి.సి. బాగుచేసే టెక్నీషియన్లు వేరే పనులు నేర్చుకొన్నారు. 2013 జూలైలో తంతి సేవ ఆగినప్పుడు పత్రికలన్నీ వ్రాసినవి. క్యారియర్ టెక్నీషియన్ వృత్తి సన్నగిల్లినప్పుడు మన పత్రిక కూడా వ్రాయలేదు. ఇక పంపిణీ లైన్లలో సెల్‌ఫోను వచ్చి పర్మిట్‌ను నడిచి వెళ్ళి తీసుకొనే అవసరం లేకుండా చేసినది. సౌకర్యమే. కాని షిఫ్టులో ఉన్న ఆపరేటరు కూడా ఏజెన్సీ మనిషే, నిన్ననే చేరినాడు. ఫోనులో అడిగేవాడు కూడా కొత్త. ఇద్దరికీ ఒకరి గొంతు ఒకరికి తెలియదు.

రైల్వేవారు ఈ చిక్కును ఎప్పుడో ఊహించినారు. ఇద్దరు స్టేషను మాస్టర్లు ముఖ్యమైన మాట ఫోనులో ఇచ్చిపుచ్చుకొనేటప్పుడు ప్రైవేటు నంబరు అని ఒకటి చెప్పుకొంటారు. ముందే అచ్చువేసి ఇచ్చిన పట్టీలో నుండి ఒక్కొక్క అంకె వాడి కొట్టివేస్తారు. మాట గాలిలో పోయినా అంకె పుస్తకంలో మిగులుతుంది. మన పంపిణీ సంస్థలు కొన్ని ఎల్.సి.ని మొబైల్ యాప్ ద్వారా ఇవ్వడం మొదలుపెట్టినవి. మంచిదే. కాని యాప్ ధ్రువపరిచేది ఫోను పట్టుకొన్నవానిని. స్తంభం మీద ఉన్నవానిని కాదు.

రాయపూర్ వంటి చోట దీనికి తోడు భాష చిక్కు. పర్మిట్ ఫారం ఇంగ్లీషులో అచ్చయి ఉంటుంది. ఆపరేటరు హిందీలో మాట్లాడతాడు, లైన్ మనుషులు తమలో తాము ఛత్తీస్‌గఢీలో మాట్లాడుకొంటారు. టవరు పని గ్యాంగులు పశ్చిమ బెంగాల్‌లోని మాల్దా వైపు నుండి, ఝార్ఖండ్ నుండి వస్తాయి. మన శ్రీకాకుళం వారు సరేసరి. హిందీ అంకెలు మన తెలుగువారిని ఎంత తికమక పెడతాయో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. ఇరవై తొమ్మిది ఉన్‌తీస్, ముప్పై తొమ్మిది ఉన్‌తాలీస్. ముప్పై తొమ్మిదవ స్తంభం అని చెప్పబోయి ఇరవై తొమ్మిది అన్నా, విన్నా, మధ్య పది స్తంభాలు ఉన్నవి. కూరగాయల బజారులో అయితే నష్టం పది రూపాయలు. అందుచేత పర్మిట్ సంభాషణలో ఏ అంకెనైనా విడివిడిగా, తీన్, నౌ అని పలకాలి, అవతలివాడు అలాగే తిరిగి చదవాలి. విన్నానండి అనే జవాబును జవాబుగా లెక్కించరాదు.

ఇక్కడ ఒక విచిత్రం గమనించదగినది. మన 400 కె.వి. లైన్ల మీద కరెంటు పోనివ్వకుండానే పని చేసే హాట్‌లైన్ బృందాలు ఉన్నవి. బెంగుళూరులోని జాతీయ విద్యుత్ శిక్షణ సంస్థవారి హాట్‌లైన్ శిక్షణ కేంద్రంలో నేర్చుకొని వచ్చినవారు. లోహపు నూలు కలిసిన దుస్తులు తొడుగుకొని, తీగ ఎంత వోల్టేజిలో ఉన్నదో తామూ అదే వోల్టేజికి చేరి పని చేస్తారు. దూరం నుండి చూసేవారికి గుండె ఆగుతుంది. అయినా నేను చూసినంతలో ఆ బృందాల వలన నాకు నిద్ర చెడిన రాత్రి లేదు. భయపెట్టినది ఎప్పుడూ చచ్చిన 11 కె.వి. లైనే. కారణం ఆలోచిస్తే, హాట్‌లైన్ బృందంలో ఎవరు ఎక్కుతున్నారో, ఎవరు చూస్తున్నారో, ఎవరు ఏ కర్ర పట్టుకొన్నారో ముందు రోజే వ్రాసి ఉంటుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఆ రోజు పని లేదు. అక్కడికి ఉదయం ఎవరో ఇద్దరు కుర్రవాళ్ళను పంపడం జరగదు. లైను బ్రతికి ఉన్నదని తెలిసిన చోట మనిషిని లెక్కపెడతాము. చచ్చినదని నమ్మిన చోట లెక్క మరచిపోతాము.

ఈ వృత్తిలోకి వచ్చేవారు కూడా మారుతున్నారు. తెలంగాణలో జూనియర్ లైన్‌మన్ ఉద్యోగాలకు స్త్రీలను అనుమతించకపోతే కొందరు హైకోర్టుకు పోయి, పరీక్ష వ్రాసి, స్తంభం ఎక్కే పరీక్ష కూడా నెగ్గినారు. 2021లో ఆ ఉద్యోగంలో స్త్రీ చేరిక మొదలైనది. నడుము బెల్టు కొలతలు, రాత్రి పని ఏర్పాట్లు, వీటిని గురించి మన సంస్థలు ఆలోచించక తప్పదు. ఉద్యోగం పేరులోని మన్ సంగతి భాషావేత్తలు చూసుకొంటారు. మరొక వైపు స్మార్ట్ మీటర్లు వచ్చి మీటరు రీడరు అనే వృత్తి సన్నబడుతున్నది. ఆ కుర్రవాళ్ళు ఎక్కడికి పోతారు? చాలామంది లైను పనికే వస్తారు, శిక్షణ లేకుండానే, ఏజెన్సీ ద్వారానే. ఇది సిబ్బంది విభాగం వారు ఇప్పుడే గమనించవలసిన విషయం.

పరిష్కారం కోసం దూరం పోనక్కరలేదని నా అభిప్రాయం. మన ప్రక్కనే కోర్బా ఉన్నది. అక్కడ విద్యుత్ కేంద్రాలకు బొగ్గు ఇచ్చే గనుల సంప్రదాయం చూడండి. లేదా మన సింగరేణి చూడండి. భూగర్భ గనిలోకి దిగేవాడు ల్యాంప్ రూములో దీపం తీసుకొంటాడు, తన బిళ్ళ ఇస్తాడు. షిఫ్టు అయినాక బిళ్ళ పలక మీద మిగిలి ఉంటే ఆ మనిషి ఇంకా పైకి రాలేదన్నమాట. అతడు కంపెనీ మనిషా, కాంట్రాక్టు మనిషా అని బిళ్ళ అడగదు. మేస్త్రీ చెప్పినా, మేనేజరు చెప్పినా బిళ్ళ లెక్క మారదు. స్తంభం ఎక్కేవాడు కూడా చీకటిలోకి దిగేవాడే. తేడా దిశలో మాత్రమే.

దీనికి కొత్త నిధులు అక్కరలేదు. పర్మిట్ తీసుకొన్న మనిషి వద్ద ఒక చిన్న పలక, కొక్కేలు. ఎవరు తీగ వైపు ఎక్కినా ముందు తన బిళ్ళ అక్కడ తగిలించవలెను, దిగినాక తానే తీసుకోవలెను. వేరొకరి బిళ్ళ వేరొకరు తీయరాదు. పలక ఖాళీ అయితే తప్ప ఎర్తు తీయరాదు, ఎర్తు తీయనిదే పర్మిట్ తిరిగి ఇవ్వరాదు. రెండు చోట్ల పని అయితే రెండు పర్మిట్లు, రెండు పలకలు. బిళ్ళ లేనివాడు ఎక్కరాదు. బిళ్ళ కావలెనంటే పేరు జాబితాలో ఉండవలెను. జాబితాలో ఉండవలెనంటే శిక్షణ, బీమా కాగితాలు ఉండవలెను. చట్టం మొదట అడిగిన ఆ 'ఎవరు' అనే ప్రశ్నకు కాగితం మీద కాక కొక్కెం మీద జవాబు దొరుకుతుంది. ఆలస్యం అవుతుందని ఫీడరు ఇన్‌చార్జిలు అంటారు. అవుతుంది. నేను చూసినంతలో ఎనిమిది నుండి పది నిమిషాలు, బొబ్బిలి లైన్‌మన్ తన ఎర్తు తాను వేసుకోవడానికి పట్టినంత.

మా యార్డులో పోయిన చలికాలంలో నిర్వహణ పనుల సమయాన దీనిని చేసి చూచినాము. తీసివేసిన పాత ప్యానెళ్ళ అల్యూమినియం రేకును గుండ్రంగా కోయించి, అంకెలు కొట్టించి, ఏజెన్సీ మనుషులతో సహా అందరికీ పంచినాము. ఏజెన్సీ సూపర్‌వైజరు మొదట నవ్వినాడు, పిల్లల ఆట అన్నాడు. మొదటి రోజు ఐసొలేటరు పనికి పర్మిట్ ఇచ్చిన తరువాత పలక దగ్గరికి పోయి చూస్తే ఏడు బిళ్ళలు వ్రేలాడుతున్నవి. ఆ రోజు ఏజెన్సీ మాకు ఇచ్చిన హాజరు పట్టీలో ఉన్నవి ఐదు పేర్లు. పని ఆపి, ఆ ఇద్దరినీ పిలిచి పేర్లు అడిగి వ్రాసుకొన్నాము. ఒకనికి పంతొమ్మిది సంవత్సరాలు. బిళ్ళ ఎక్కడిదిరా అంటే, లేకపోతే ఎక్కనివ్వరని చెప్పినారు, అందుకని స్టోరులో అడిగి తీసుకొన్నానండి అన్నాడు. ఇద్దరినీ ఆ రోజుకు క్రిందనే ఉంచి, వారి కాగితాల కోసం ఏజెన్సీకి లేఖ వ్రాసినాము. వాటిలో ఒకరివి వచ్చినవి.